పాత లోడరుకు ఏ ఆయిల్? డబ్బా మీది అంకె చెప్పేది, చెప్పనిది

కోల్‌కతాకు ఈశాన్యంగా, ఒకప్పుడు వరిపొలాలు, చేపల చెరువులు ఉన్న నేల మీద న్యూ టౌన్ లేచింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1999లో నెలకొల్పిన హిడ్కో సంస్థ దీని అభివృద్ధి బాధ్యత చేపట్టింది. ఇలాంటి కొత్త పట్టణాల్లో పెద్ద యంత్రాలు తిరగలేని ఇరుకు చోట్ల మట్టి, కంకర ఎత్తిపోయడానికి స్కిడ్ స్టీర్ లోడరు పనికొస్తుంది. మన దేశంలో చాలామంది దాన్ని ఒక కంపెనీ పేరుతోనే ‘బాబ్‌క్యాట్’ అంటారు.

ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారిన పాత లోడరుతో పాటు దాని మాన్యువల్ రావడం అరుదు. ట్యాంకులో ఏ ఆయిల్ ఉందో చెప్పేవారూ ఉండరు. కొత్త యజమాని మాత్రం ఏదో ఒక ఆయిల్ ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక తప్పి పంపు పాడైతే, మరమ్మతు ఖర్చు యంత్రం ధరలో పెద్ద భాగాన్నే మింగేస్తుంది.

ఒకే ఆయిల్, అనేక పనులు

అమెరికాలోని మిన్నెసోటాలో 1957లో కెల్లర్ సోదరులు టర్కీ కోళ్ల షెడ్లు శుభ్రం చేయడానికి ఒక చిన్న లోడరు తయారుచేశారు. స్కిడ్ స్టీర్ లోడరుకు మూలం అదే. ఈ యంత్రంలో ముందు చక్రాలు కారు చక్రాల్లా పక్కకు తిరగవు. ఒక వైపు చక్రాలు వేగంగా, మరో వైపు చక్రాలు నెమ్మదిగా తిరిగితే యంత్రం నేల మీద జారుతూ మలుపు తీసుకుంటుంది. తొలి యంత్రాల్లో ఈ పని క్లచ్‌లు, గొలుసులు చేసేవి. తర్వాతి తరాల్లో దాన్ని హైడ్రాలిక్ పంపులు, మోటార్లు చేపట్టాయి.

అంటే బకెట్ ఎత్తేదీ, చక్రాలను తిప్పేదీ ఆయిలే. సాధారణంగా 150 నుంచి 230 బార్ల పీడనం దగ్గర అది శక్తిని మోస్తుంది. లోహపు భాగాలు రాసుకోకుండా మధ్యలో పొరలా నిలుస్తుంది. వేడిని, అరుగుదల వల్ల రాలే రజనును బయటికి తీసుకుపోతుంది. పంపులోని సన్నని సందులను మూసి ఉంచేదీ అదే.

40 డిగ్రీల దగ్గర కొలత

ఆయిల్ డబ్బా మీద కనిపించే 32, 46, 68 అంకెలు ఐఎస్ఓ స్నిగ్ధత గ్రేడ్లు. స్నిగ్ధత అంటే ద్రవం ప్రవహించడానికి చూపే నిరోధం. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెంటీస్టోక్స్ అనే ప్రమాణంలో దాని విలువే ఈ అంకె. తేడా 10 శాతం వరకు ఉండవచ్చు.

కానీ పనిలో ఉన్న ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఆగదు. కోల్‌కతాలో ఏప్రిల్, మే నెలల్లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 35, 36 డిగ్రీలు. గట్టిగా పనిచేసే లోడరులో ఆయిల్ బయటి గాలి కంటే మరో 40 డిగ్రీలు వేడెక్కవచ్చు. అంటే దాదాపు 80 డిగ్రీలు. ఆ వేడిలో సాధారణ 32 గ్రేడు ఆయిల్ స్నిగ్ధత సుమారు 8.5కు, 46 గ్రేడుది 11కు, 68 గ్రేడుది 14.5కు పడిపోతుంది. చాలా పిస్టన్ పంపులు సుఖంగా పనిచేసేది 16 నుంచి 36 సెంటీస్టోక్స్ మధ్య.

చలి సంగతి వేరు. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర 68 గ్రేడు ఆయిల్ స్నిగ్ధత సుమారు 300 ఉంటుంది. కొద్దిసేపు నెమ్మదిగా నడిపి వేడెక్కనిస్తే ఇబ్బంది లేదు. గడ్డకట్టే చలి ఉన్న మిన్నెసోటాలో పలచని ఆయిల్ అవసరం కావచ్చు. న్యూ టౌన్‌లోనైనా, విజయవాడలోనైనా అసలు పరీక్ష వేసవి మధ్యాహ్నమే.

మాన్యువల్‌లో ఇంజిన్ ఆయిల్ ఎందుకు?

కొన్ని పాత బాబ్‌క్యాట్ మాన్యువల్స్‌లో, కంపెనీ సొంత హైడ్రాలిక్ ఆయిల్ దొరకకపోతే 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ వాడమని ఉంటుంది. ఇది పొరపాటు కాదు. 10డబ్ల్యూ-30 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర దాదాపు 68 గ్రేడుతో సమానం. అయితే వేడికి అంతగా పలచబడదు. 80 డిగ్రీల దగ్గర కూడా సుమారు 17 సెంటీస్టోక్స్ ఉంటుంది. ఈ గుణాన్ని స్నిగ్ధతా సూచికతో కొలుస్తారు. సూచిక ఎంత ఎక్కువైతే, ఉష్ణోగ్రతతో వచ్చే మార్పు అంత తక్కువ.

దీనికీ మూల్యం ఉంది. సూచికను పెంచే పాలిమర్లు పంపులో నలిగి క్రమంగా తెగిపోతాయి, ఆయిల్ పలచబడుతుంది. పైగా ఇంజిన్ ఆయిల్‌లోని డిటర్జెంట్లు నీటిని తనలోనే కలిపి ఉంచుతాయి. మంచి హైడ్రాలిక్ ఆయిల్‌లో నీరు విడిపోయి అడుగుకు చేరుతుంది. అందుకే తయారీదారు ఏ రకం చెప్పాడన్నది గ్రేడు అంకె కంటే ముందు చూడాలి. ట్యాంకులోని ఆయిల్ ఏదో తెలియనప్పుడు పైన మరో రకం కలపకూడదు. జింక్ ఉన్న ఆయిల్, జింక్ లేని ఆయిల్ కలిస్తే మడ్డి ఏర్పడి ఫిల్టరు మూసుకుపోయే ప్రమాదం ఉంది. పాతది పూర్తిగా దించి, ఫిల్టరు మార్చి, కొత్తది నింపడమే క్షేమం.

చిక్కటి ఆయిల్ మందు కాదు

పంపు అరిగి బకెట్ నెమ్మదిగా లేస్తుంటే చాలామంది చేసే పని ఒక గ్రేడు చిక్కటి ఆయిల్ పోయడం. ఇక్కడ ఒక లెక్క చూడాలి. సన్నని సందులోంచి కారే ఆయిల్ పరిమాణం స్నిగ్ధతకు విలోమానుపాతంలో, సందు వెడల్పు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 80 డిగ్రీల దగ్గర 46 గ్రేడు నుంచి 68కి మారితే లీకు నాలుగో వంతు తగ్గుతుంది. కానీ సందు 10 శాతం పెరిగితే చాలు, లీకు 33 శాతం పెరిగి ఆ లాభం మొత్తం పోతుంది. సందు రెట్టింపైతే లీకు ఎనిమిది రెట్లు.

కారిన ఆయిల్‌లోని శక్తి వేడిగా మారుతుంది. వేడికి ఆయిల్ ఇంకా పలచబడుతుంది, లీకు ఇంకా పెరుగుతుంది. ఉష్ణోగ్రత పెరిగే ప్రతి 10 డిగ్రీలకు ఆయిల్ ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుంది. పాత లోడరు పని మొదలుపెట్టినప్పుడు బాగుండి, మధ్యాహ్నానికి బలం తగ్గిపోతోందంటే ముందు పంపునూ, కూలర్‌నూ చూపించాలి.

లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకూడదు. హోస్ పైపులోని సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోగలదు. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లీకు వెతకడానికి అట్టముక్క వాడాలి.

వాన, పీపా, చిత్తడి నేల

రుతుపవనాల కాలంలో నిలువుగా, ఆరుబయట ఉంచిన పీపా మూత మీద నీరు నిలుస్తుంది. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు పీపా ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పీపాను పక్కకు పడుకోబెట్టి, రెండు మూతలూ ఒకే మట్టంలో ఉండేలా ఉంచితే ఈ బెడద తప్పుతుంది. ట్యాంకులో ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు చేరిందనే అర్థం.

దించిన ఆయిల్‌ను మురుగుకాలువలో పోయడం నేరం కూడా. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. న్యూ టౌన్‌కు దగ్గరలోనే దాదాపు 12,500 హెక్టార్ల తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు ఉన్నాయి. 2002లో రామ్‌సార్ గుర్తింపు పొందిన ఆ చెరువుల్లో నగరపు మురుగునీటితోనే చేపలు పెంచుతారు. కాలువలో కలిసిన ఆయిల్ ఆ నీటిదాకా చేరవచ్చు.

కొనే ముందు తెలుసుకోవాల్సినవి మూడు. ఈ నమూనాకు తయారీదారు చెప్పిన రకం ఏది? వేసవి మధ్యాహ్నం పనిలో ఉండగా ట్యాంకులో ఆయిల్ ఎన్ని డిగ్రీలుంది? ఇప్పుడు లోపల ఉన్నది ఏ ఆయిల్? రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒక థర్మామీటరు చాలు. పాత లోడరు యజమాని పెట్టే ఖర్చుల్లో అంత చవకైనది, అంత ఉపయోగపడేది మరొకటి ఉండదు.