బ్రేకరుకు నోరిచ్చిన రెండు తీగలు

మిల్లు కరెంటు గదిలో ఇన్నాళ్లూ రాగి పట్టీలు, చేతికి పట్టనంత లావు కేబుళ్లే కనబడేవి. ఈ మధ్య వాటి పక్కన చిటికెన వేలంత లావు కూడా లేని కేబుల్ ఒకటి వస్తోంది. అది ఒక బ్రేకరు నుంచి ఇంకో బ్రేకరుకు, అక్కణ్ణుంచి మరోదానికి పోయి, చివరకు ఆఫీసు కంప్యూటరు దగ్గర తేలుతుంది. "ఇగ కంప్యూటరే కరెంటు బందు చేస్తదట గదా అన్నా, ప్యానెల్ మనిషి పని పోయినట్టేనా?" అని ఇక్కడ షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో చాలామంది నన్ను అడిగారు. మా మిల్లులో ఆ కేబుల్ వేసిన జట్టులో నేనూ ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. పని పోతుందా లేదా అన్నది ఒక ప్రశ్న. దానికంటే పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది: ఆ కేబుల్ మీద వచ్చే మాటను ఎంతవరకు నమ్మొచ్చు? ప్యానెల్లో చెయ్యి పెట్టేది మన ఇళ్ల పిల్లలే కదా.

ఇంట్లో మీటరు పక్కన చిన్న ఎంసీబీ ఉంటుంది, అది అందరికీ తెలుసు. మిల్లులో దాని పెద్దన్న ఏసీబీ, అంటే ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్. 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకోండి. 433 వోల్టుల దగ్గర అది నిండు లోడు మీద సుమారు 1333 ఆంపియర్లు ఇస్తుంది. దానికి మామూలుగా 1600 ఆంపియర్ల ఏసీబీ పెడతారు. బీరువా సొరుగు లాగినట్టు దాన్ని ముందుకు లాగొచ్చు. దాని కింద కార్డింగ్‌కు, రింగ్ ఫ్రేములకు, హ్యుమిడిఫికేషన్‌కు, ఇట్లా ఖాతాకొక చిన్న బ్రేకరు. ఇప్పటి ఏసీబీల ముందు మొహాన ట్రిప్ యూనిట్ అని ఒక పెట్టె ఉంటుంది. మూడు ఫేజుల్లో ఎంత కరెంటు పోతోందో అది ఎప్పటికప్పుడు కొలుస్తూనే ఉంటుంది. ఎందుకు ట్రిప్ అయిందో కూడా దానికి తెలుసు: ఓవర్‌లోడా, షార్ట్ సర్క్యూటా, ఎర్త్ ఫాల్టా అని. తెలిసినా ఎవరికీ చెప్పలేకపోయేది. కమ్యూనికేషన్ మాడ్యూల్ అనే చిన్న ముక్క తగిలిస్తే దానికి నోరొస్తుంది.

దీనివల్ల ఎవరికి లాభమంటే నేను ముందు సైడర్ అక్కల పేరే చెప్తాను. రాత్రి పాళీలో ఒక ఖాతా బ్రేకరు పడిపోయిందంటే వెయ్యి స్పిండిళ్ల రింగ్ ఫ్రేములు వరసగా ఆగిపోతాయి. మళ్లీ నడిపేటప్పుడు తెగిన పోగులన్నీ ఒక్కొక్కటి చేత్తో అతికించాల్సిందే. బ్రేకరు ఏది పడిందో టార్చి పట్టుకుని వెతకడానికి పది నిమిషాలు, ఎందుకు పడిందో తెలియక మళ్లీ వేసి మళ్లీ పడగొట్టుకోవడం ఇంకో రెండుసార్లు. వేసిన ప్రతిసారీ అతికిన పోగులు మళ్లీ తెగుతాయి. పొద్దున మాస్టరు వచ్చి "మిషన్ మీద లోడు ఎక్కించింది ఎవరు?" అని జాబరును నిలదీసేవాడు. ఇప్పుడు ఏ బ్రేకరు, ఎన్ని గంటలకు, ఏ కారణంతో, ఎన్ని ఆంపియర్ల దగ్గర పడిందో తెర మీద ఉంటుంది. ఈ ఒక్కదానికే ఆ కేబుల్‌కు దండం పెట్టొచ్చని మా జాబరు అంటాడు.

ఇక బ్రేకరు మాట్లాడే భాష. ఇట్లా మిషన్లన్నిటినీ ఒకే తీగ మీద కలిపే పద్ధతిని ఫీల్డ్‌బస్ అంటారు. ఇది ఎక్కే బస్సు కాదు, బస్‌బారు లాంటి బస్. వీటిలో చాలా రకాలున్నాయి. జర్మనీలో పుట్టిన ప్రొఫీబస్ ఒకటి, దాని కేబుల్ వంకాయ రంగులో ఉంటుంది, చూడగానే గుర్తుపట్టొచ్చు. మా దగ్గర వేసింది మాడ్‌బస్. అమెరికాలో మాడికాన్ అనే కంపెనీ 1979లో తెచ్చిన భాష ఇది. అంత పాతదైనా ఇంకా నడుస్తున్నదంటే కారణం అది చాలా తేలిక కావడమే.

బడిలో పంతులు హజేరీ తీసుకున్నట్టే దాని పద్ధతి. కంప్యూటరో, ప్యానెల్లోని పీఎల్‌సీయో పంతులు. "5 నంబరు, నీ కరెంటు ఎంత?" అని అడుగుతుంది. 5 నంబరు బ్రేకరు ఒక్కటే జవాబు చెప్తుంది, తక్కినవి నోరు మూసుకుని వింటాయి. అడక్కుండా ఎవరూ మాట్లాడకూడదు. నంబర్లు 1 నుంచి 247 వరకు ఇవ్వొచ్చు. రెండు బ్రేకర్లకు ఒకే నంబరు ఇచ్చారో, ఇద్దరు పిల్లలు ఒకేసారి "హాజర్" అన్నట్టు అయిపోయి పంతులుకు ఏదీ అర్థం కాదు.

తీగలు రెండే, ఎ అని, బి అని. ఈ తీగ కట్టే పద్ధతి పేరు ఆర్ఎస్-485. ఒక తీగలో వోల్టేజి రెండోదానికంటే ఎక్కువా తక్కువా అన్నదే సంకేతం. బయటి గోల రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది కాబట్టి తేడా మాత్రం చెడదు. అందుకే రెండింటినీ మెలిపెట్టి ఉంచుతారు. మామూలు స్పీడులో 1200 మీటర్ల దాకా పోతుంది, మామూలు పరికరాలైతే ఒక వరసలో 32 దాకా కలపొచ్చు.

చెప్పడానికి ఇంతే. వేసేటప్పుడు మాత్రం చుక్కలు కనబడతాయి. కేబుల్ గొలుసులా ఒకదాని నుంచి ఒకదానికి పోవాలి. మన వైర్‌మన్‌లకు లైటింగ్ పని అలవాటు కాబట్టి జంక్షన్ బాక్సు దగ్గర నాలుగు కొమ్మలు తీస్తారు, ఇక్కడ అది నడవదు. వరస మొదట్లో ఒకటి, చివర ఒకటి 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాలి. లేకపోతే సంకేతం గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వస్తుంది. ఇది సరిగ్గా ఉందో లేదో చూడటానికి తేలిక ఉపాయం ఉంది. అన్నీ ఆఫ్ చేసి మల్టీమీటరు ఎ, బి మధ్య పెట్టండి. 60 ఓమ్‌ల దగ్గర చూపిస్తే బాగున్నట్టు. 120 చూపిస్తే ఒక రెసిస్టరు లేదు, లేదా మధ్యలో తీగ తెగింది. 40 అంటే ఎవరో మూడోది కూడా పెట్టారు. ఇంకో చిక్కు, ఒక కంపెనీ 'ఎ' అన్నదాన్ని ఇంకో కంపెనీ 'బి' అంటుంది. రెండు కంపెనీల సామాను ఒకే వరసలో ఉంటే జవాబు రాకపోయినా కంగారు పడొద్దు, తీగలు తిప్పి చూడండి.

పవర్ కేబుల్ ఉన్న ట్రేలోనే ఈ కేబుల్‌ను పడెయ్యడం మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు. రింగ్ ఫ్రేములకు ఇప్పుడు ఇన్వర్టర్ డ్రైవులు వచ్చాయి. వాటి నుంచి వచ్చే గోల అంతా ఇంతా కాదు. పగలు బాగా నడిచిన వరస అన్ని ఫ్రేములూ నడిచే రాత్రి పాళీలో తప్పిపోతుంటే ముందు అనుమానించాల్సింది ట్రేనే. వేరే ట్రే ఇవ్వమని మాలక్‌ను అడిగితే ఖర్చంటాడు. అడగండి, వదలొద్దు. కేబుల్ పైనున్న జాలీని ఒక చివరే ఎర్త్ చెయ్యాలి. పత్తి దూది కనెక్టర్లలో పేరుకుంటుంది, హ్యుమిడిఫికేషన్ తేమ దాన్ని తడుపుతుంది. ఈ రెండూ స్పిన్నింగ్ మిల్లుకే ఉన్న తిప్పలు, కంపెనీ పుస్తకంలో రాసుండవు.

తీగలన్నీ సరిగ్గా ఉన్నా అంకెలు తప్పు రావొచ్చు. పుస్తకంలో 40001 అని రాసిన రిజిస్టరు తీగ మీద 0 నంబరుగా పోతుంది. ఒక్క అంకె జరిగితే వోల్టేజి గళ్లో కరెంటు కూర్చుంటుంది. 4330 అని వస్తే అది నాలుగు వేల వోల్టులు కాదు, 433.0 వోల్టులు. అందుకే కొత్తగా కట్టిన రోజు క్లాంప్ మీటరు బ్రేకరు దగ్గర పట్టుకుని, తెర మీది అంకెతో ఒక్కొక్క ఫేజూ పోల్చి చూసేదాకా మేం సంతకం పెట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది అనుకుంటున్నట్టు షార్ట్ సర్క్యూట్ అయితే కంప్యూటరు చూసి బ్రేకరును పడగొట్టదు. లెక్క చూడండి. 9600 స్పీడులో తీగ మీద సెకనుకు 870 అక్షరాల దాకా పోతాయి. ఒక ప్రశ్న, దాని జవాబు, మధ్యలో ఆగే సమయం కలిపితే సెకనులో పదోవంతు పట్టవచ్చు. పన్నెండు బ్రేకర్ల హజేరీ ఒక రౌండు అయ్యేసరికి సెకను దాటుతుంది. పెద్ద షార్టు పడితే ట్రిప్ యూనిట్ తన లెక్కతో తనే రెండు మూడు సైకిళ్లలో, అంటే సుమారు సెకనులో ఇరవయ్యో వంతులో, బ్రేకరును పడగొట్టేస్తుంది. కేబుల్ తెగిపోయినా, కంప్యూటరు చచ్చినా ఆ పని ఆగదు. కంప్యూటరుకు వార్త తరవాత అందుతుంది. కాబట్టి "కంప్యూటరు ఉంది, కాపాడుతుంది" అని ట్రిప్ యూనిట్ సెట్టింగులను ఎవరైనా పెంచబోతే అడ్డుపడండి.

కేబుల్ వార్త తేవడమే కాదు, ఆజ్ఞ కూడా తేగలదు. క్లోజింగ్ కాయిల్ ఇచ్చి ఉంటే ఆఫీసులో కూర్చుని బ్రేకరు వెయ్యొచ్చు. భయం ఇక్కడే. మా దగ్గర ఇట్లా జరిగింది. మా వైర్‌మన్ తమ్ముడు కెపాసిటర్ ప్యానెల్లో బోల్టులు బిగిస్తున్నాడు. దానికి కరెంటిచ్చే బ్రేకరును ముందే ఆఫ్ చేసి, బయటికి లాగి, తాళం వేశాం. లోకల్, రిమోట్ స్విచ్చును లోకల్‌లో పెట్టి దాని తాళంచెవి అతని జేబులో వేశాం. మధ్యాహ్నం సామాను వేసిన కంపెనీ ఇంజనీరు ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు: "4 నంబరు క్లోజ్ కమాండ్ ఇస్తున్నా, ఫెయిల్ అని వస్తోంది, ఏంటి సంగతి?" లోపల మనిషి ఉన్నాడని చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. అతన్ని పూర్తిగా తప్పుపట్టను. తెర మీద 'ఓపెన్' అని మాత్రమే ఉంది. లోపల మనిషి ఉన్నాడని ఏ రిజిస్టరులోనూ రాదు. ఆ తాళంచెవి ఆఫీసు టేబుల్ మీద ఉండి, బ్రేకరు లోపలే ఉండుంటే నేనీ వ్యాసం ఇట్లా రాసేవాణ్ణి కాదు.

అందుకని మా గదిలో ఇప్పుడు ఒక నియమం. పనిచేసే మనిషి తాళం, ఆ మనిషి జేబు. సూపర్‌వైజరు కూడా తీసుకోకూడదు. తలుపు మీద 'కామ్ చాలూ ఆహే' బోర్డు. తెర మీద 'ఓపెన్' అంటే బ్రేకరు లోపలి కాంటాక్టు విడిపోయిందని మాత్రమే అర్థం, బార్లలో కరెంటు లేదని కాదు. జనరేటరు వైపు నుంచి రావొచ్చు. కెపాసిటర్లో మిగిలుండొచ్చు. ఐదు నిమిషాలు ఆగి, టెస్టర్ పెట్టి, ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో వేరే చోట చూసుకుని, ఎర్త్ కట్టి, అప్పుడే చెయ్యి పెట్టాలి. ఇంట్లో ఆడవాళ్లు కూడా భర్తనో కొడుకునో అడగండి: "నీ తాళంచెవి ఎవరి దగ్గరుంటది?" అని.

మాడ్‌బస్‌లో పాస్‌వర్డు అనేదే లేదు. తీగ మీదికి ఎవరు వచ్చి ఆజ్ఞ ఇచ్చినా బ్రేకరు అది మాస్టరు మాటే అనుకుంటుంది. కొన్ని కంపెనీలు బ్రేకరు లోపల తమ సొంత అడ్డు ఒకటి పెడతాయి, అన్నీ పెట్టవు. సేటు ఇంట్లో కూర్చుని ఫోన్లో చూడాలని ఆశపడితే చూపించండి, అంకెలు చూడ్డం వరకే. ఆజ్ఞ ఇచ్చే తీగను ఆఫీసు ఇంటర్‌నెట్‌తో కలపనివ్వొద్దు. మా మిల్లులో చివరికి అన్ని బ్రేకర్లకూ క్లోజ్ ఆజ్ఞ తీసేయించాం, చదవడం మాత్రమే ఉంచాం. పడిన బ్రేకరును మనిషి వెళ్లి, కారణం చూసి, చేత్తోనే వేస్తాడు.

ఇక ప్యానెల్ మనిషి పని గురించి. గంటగంటకూ లాగ్ బుక్కులో ఆంపియర్లు రాసే పని పోతుంది, పోనివ్వండి. కొన్ని చోట్ల దాన్ని సాకు చేసుకుని రాత్రి పాళీ అటెండెంటును తీసేస్తున్నారని వింటున్నాను. ఇది తప్పు. బోల్టు వదులై కేబుల్ కొన కాలుతుంటే ఆంపియర్లు మామూలుగానే ఉంటాయి, తెరకు అనుమానమే రాదు. ఆ కాలే వాసన పసిగట్టేది గదిలో ఉన్న మనిషే. యూనియన్ వాళ్లు మాలక్‌తో మాట్లాడేటప్పుడు ఈ ఉదాహరణే చెప్పండి, ఏ ఇంజనీరూ కాదనలేడు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివే పిల్లలకు ఈ పని నేర్చుకోమని చెప్తాను. దీనికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. ఒక మల్టీమీటరు, యూఎస్‌బీ నుంచి 485కు మార్చే చిన్న కన్వర్టరు ఒకటి, పాత ఎనర్జీ మీటరు ఒకటి చాలు. ఇంట్లో టేబుల్ మీద పెట్టుకుని 1 నంబరు, 2 నంబరు అని పిలిచి జవాబు తెప్పించుకోవచ్చు. ఉన్న మిల్లులో వరస ఇప్పటికే వేసి ఉంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఏ నంబరు ఏ బ్రేకరుదో, స్పీడెంతో, ప్యారిటీ ఏదో, రెసిస్టర్లు ఏ రెండు చోట్ల ఉన్నాయో ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి. మేం మరాఠీలో, తెలుగులో రెండింట్లోనూ రాసి పెట్టాం.