కొయ్యబొమ్మల విలువ నిర్ధారణ

చేతితో చెక్కిన ఒక కొయ్యబొమ్మ ఎక్కడిది, ఏ కాలానిది, ఎంతవరకు చెడకుండా నిలిచింది, ఏ వెల పలుకుతుంది అనే విషయాలను పరిశీలించి తేల్చడాన్ని కొయ్యబొమ్మల విలువ నిర్ధారణ అంటారు. తెలుగు ప్రాంతాలలో ఈ పరిశీలన ముఖ్యంగా కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకు వర్తిస్తుంది. ఈ బొమ్మలపై సాధారణంగా చెక్కినవారి సంతకం గాని తేదీ గాని ఉండదు. కావున కొయ్య, అతుకు, రంగు, అరుగుదల, ఇంటి చరిత్ర అనేవే ఆధారాలు.

నేపథ్యం

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాలు విజయవాడకు వెళ్ళే 65వ జాతీయ రహదారి వెంట విస్తరించాయి. ఇదే రహదారిపై విజయవాడకు ముందు ఇబ్రహీంపట్నం వస్తుంది. కొండపల్లి దానికి సమీపంలోనే ఉంది. కోస్తా జిల్లాల నుండి వచ్చి ఈ ప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాలతో పాటు దసరా, సంక్రాంతి బొమ్మల కొలువు ఆచారం కూడా వచ్చింది. అటకపైని పెట్టెలలో అమ్మమ్మ, నాయనమ్మల నాటి బొమ్మలు ఉన్న ఇళ్ళలో, పంపకాల సమయంలోనో ఇల్లు మారేటప్పుడో వాటి విలువ ప్రశ్నగా మారుతుంది. విలువ తెలియక పాతవాటిని పారవేయడం, లేదా కొత్తగా కనిపించాలని రంగు వేయించడం వలన తిరిగి రాని నష్టం కలుగుతుంది.

బొమ్మ జన్మస్థలాన్ని గుర్తించడం

కొండపల్లి బొమ్మలు: తెల్ల పొణికి అనే తేలికైన కొయ్యతో చేస్తారు. కాళ్ళు, చేతులు, తల వంటి భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నం పూసి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు ప్రసిద్ధ రూపాలు. కొండపల్లి 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. అంతకు ముందు కృష్ణా జిల్లాలో ఉండేది.

నిర్మల్ బొమ్మలు: ఇక్కడ కూడా పొణికి కొయ్యనే వాడతారు. పక్షులు, జంతువులు, పండ్లు, కూరగాయలను సహజ రూపానికి దగ్గరగా చేయడం వీటి ప్రత్యేకత.

ఏటికొప్పాక బొమ్మలు: వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామంలో అంకుడు కొయ్యను తరిమెన మీద తిప్పి, లక్క రంగు పట్టిస్తారు. అందువలన ఇవి ఎక్కువగా గుండ్రని ఆకారంలో, నునుపుగా ఉంటాయి. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగుల వాడకానికి కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది.

పరిశీలించవలసిన అంశాలు

కొయ్య: బొమ్మ అడుగు భాగంలో రంగు లేని చోట కొయ్య కనిపిస్తుంది. పొణికి బొమ్మ దాని పరిమాణానికి తేలికగా ఉంటుంది. చేతికి బరువుగా తగిలితే వేరే కొయ్య అయి ఉండవచ్చు.

రంగు: విలువను అన్నింటికంటే ఎక్కువగా నిర్ణయించేది మొదటి రంగే. వెలిసినా, అక్కడక్కడ రాలినా, అసలు రంగు ఉన్న బొమ్మకే సేకర్తలు ప్రాధాన్యమిస్తారు. రంగు రాలిన చోట కింద సున్నపు పూత కనిపించడం సహజం. ఆ చోట మరొక రంగు పొర కనిపిస్తే తరువాతి కాలంలో మళ్ళీ రంగు వేశారని అర్థం. మెరిసే ఎనామిల్ రంగులు తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చాయి.

అరుగుదల: చేతులు పట్టుకునే చోట, నేలకు తగిలే అడుగున అరుగుదల ఎక్కువగా ఉండాలి. అన్ని వైపులా ఒకే విధంగా గీరినట్లుంటే కృత్రిమంగా పాతబరచి ఉంటారని అనుమానించవచ్చు.

మరమ్మత్తు: పురుగు తొలిచిన రంధ్రాలు, విరిగి అతికిన భాగాలు విలువను తగ్గిస్తాయి.

చరిత్ర: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారనే వివరం, పాత కొలువు ఛాయాచిత్రం బొమ్మ వయస్సుకు మంచి సాక్ష్యాలు.

ఒక ఉదాహరణ

ఒక ఇంట్లో దశావతారాల వరుసలో తొమ్మిది బొమ్మలు మిగిలాయని, వాటిలో ఒకదానికి కొత్త రంగు వేశారని అనుకుందాం. వరుస పూర్తిగా లేదు కావున వెల తగ్గుతుంది. అయితే లోపించిన బొమ్మకు బదులు కొత్తది చేర్చి పాతదని చెప్పడం కంటే, ఎనిమిది అసలు రంగుతో ఉన్నాయని స్పష్టంగా చెప్పడమే మేలు. 1960 నాటి కుటుంబ ఛాయాచిత్రంలో ఆ బొమ్మలే కనిపిస్తే అవి అప్పటికే ఉన్నాయని రుజువవుతుంది. అంతకు ముందు ఎంత కాలం నుండి ఉన్నాయో దాని వలన తెలియదు.

వెల రకాలు

ఒకే బొమ్మకు ఒకటి కంటే ఎక్కువ వెలలు ఉండవచ్చు. అమ్మితే చేతికి వచ్చే వెల, దుకాణంలో కొంటే చెల్లించే వెల, బీమా కొరకు చూపే వెల వేరు వేరు. కావున ఏ అవసరానికి వెల కడుతున్నారో ముందే చెప్పాలి. బొమ్మను కొనదలచిన వ్యాపారి చేతనే వెల కట్టించడం వలన అమ్మేవారికి నష్టం కలగవచ్చు.

చట్టం

1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన కళాకృతులు పురావస్తువుల కిందకు వస్తాయి. వీటిని వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. విదేశాలలో ఉన్న బంధువులకు పాత బొమ్మలను పంపేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇతర దేశాలలో

అమెరికాలో అడవి బాతులను ఆకర్షించడానికి వేటగాళ్ళు నీటిపై వదిలే కొయ్య బాతులు నేడు జానపద కళాఖండాలుగా చలామణి అవుతున్నాయి. 1918 నాటి వలస పక్షుల చట్టం తరువాత వ్యాపార వేట ఆగి, వీటి అవసరం తగ్గింది. జోయెల్ బార్బర్ 1934లో వీటిపై పుస్తకం ప్రచురించాడు. ఎల్మర్ క్రోవెల్ చెక్కిన రెండు పక్షులు 2007లో ఒక్కొక్కటి పది లక్షల డాలర్లకు పైగా పలికాయి. అక్కడ కూడా అసలు రంగు, చెక్కినవారి గుర్తింపు ప్రధానం. తెలుగు బొమ్మలకు చెక్కినవారి పేరు నిలవకపోవడమే వాటి వెల తక్కువగా ఉండటానికి ఒక కారణం. కావున నేడు కొనేవారు కళాకారుని పేరు, ఊరు, తేదీ రాసి ఉంచుకుంటే రాబోయే తరాలకు ఆ లోటు తీరుతుంది.

భద్రపరచడం

పొణికి బొమ్మలను తడిగుడ్డతో తుడవరాదు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపాలి. ఎండ, తేమ తగలని చోట నూలు గుడ్డలో చుట్టి ఉంచాలి. నిపుణుని సలహా లేకుండా రంగు గాని వార్నిష్ గాని వేయరాదు.

ఇవి కూడా చూడండి

కొండపల్లి బొమ్మలు
నిర్మల్ బొమ్మలు
ఏటికొప్పాక బొమ్మలు
బొమ్మల కొలువు