అక్షరానికి తలవంచిన యంత్రం

కంప్యూటరు తెరపై తెలుగు కనిపించడం నేడు ఎవరికీ వింత కాదు. 1990వ దశకంలో పరిస్థితి వేరు. ఒక కార్యాలయంలో తెలుగులో కూర్చిన వ్యాసాన్ని మరో కార్యాలయపు కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు ప్రత్యక్షమయ్యేవి. ఏ ఫాంటు సంకేతాలు దానివే. ఈ అవ్యవస్థ తొలగడానికి తోడ్పడిన వారిలో ఒకరు తెలుగువారు కారు, ఇంజనీరూ కారు. ఆయన మరాఠీ కవి, లిపి కళాకారుడు రఘునాథ్ కృష్ణ జోషి.

1936లో జన్మించిన జోషి తొలుత ప్రకటనల రంగంలో, ఉల్కా సంస్థలో పనిచేశారు. 1983 నుంచి 1996 వరకు బొంబాయి ఐఐటీలోని పారిశ్రామిక డిజైన్ కేంద్రంలో ఆచార్యులుగా ఉన్నారు. ముంబయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ కేంద్రంతో (తర్వాత ఇది సీ-డాక్‌లో విలీనమైంది) కలిసి ఫాంట్ల రూపకల్పనకు ‘విన్యాస్’ అనే సాధనాన్ని తీర్చిదిద్దడంలో పాలుపంచుకున్నారు. కలం, కుంచెలతో మొదలై కంప్యూటరును చేరిన ప్రస్థానమది.

ఆయన పనితీరుకు పునాది ఒక్కటే. భారతీయ లిపుల్లో ప్రమాణం విడి హల్లు కాదు, నోటితో పలికే అక్షరం. 2003లో సహచరులతో కలిసి సమర్పించిన పత్రంలో ఆయన ధ్వని ఆధారిత సంకేత పద్ధతినే ప్రతిపాదించారు.

ఇందులోని చిక్కు ‘స్త్రీ’ అన్న ఒక్క మాటలో తెలుస్తుంది. యూనికోడ్ లెక్కలో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడి దీర్ఘం. తెరపై మాత్రం ఆ దీర్ఘం మొదటి ‘స’ నెత్తికెక్కాలి. తకారం, రకారం ఒత్తులై కిందికి దిగాలి. టైపురైటర్ల కాలంలో మీటల సంఖ్యకు లొంగి లిపే ముక్కలైంది. కొత్త పద్ధతిలో ఆ సర్దుబాటు భారమంతా ఫాంటు, దానికి తోడున్న సాఫ్ట్‌వేర్ మోయాలి. రాసేవారు పలికిన వరుసలో మీటలు నొక్కితే చాలు.

జోషి నేతృత్వంలో రూపొందిన దేవనాగరి ఫాంటు ‘మంగళ్’ విండోస్ 2000తో వచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో కన్నడానికి ‘తుంగ’, తెలుగుకు ‘గౌతమి’ లభించాయి. పరభాషా లిపిని గీయడం సాహసమే. తలకట్టు వంపు కాస్త తప్పినా చదువరి కన్ను వెంటనే పట్టేస్తుంది.

గౌతమిపై అసంతృప్తి లేకపోలేదు. అక్షరాలు చిన్నవి, గీతలు సన్నవి. పంక్తుల మధ్య ఎడం మరీ ఎక్కువ. పైన గుడులకు, కింద ఒత్తుల కింది ఒత్తులకు చోటు విడవక తప్పదన్నది నిజమే గానీ, అచ్చు పుస్తకపు ఒద్దికకు అలవాటుపడిన కంటికి ఆ ఎడం వెలితిగానే తోచింది. 2012లో విండోస్ 8తో ‘నిర్మల’ వచ్చాక గౌతమి వెనకబడింది. అయితే గౌతమిలో యూనికోడ్ పద్ధతిన కూర్చిన వ్యాసం ఈనాటి ఫోనులోనూ మరో ఫాంటులో చెక్కుచెదరకుండా తెరుచుకుంటుంది. అంతకు ముందరి ఫాంట్లలో కూర్చిన వాటికి ఆ భాగ్యం లేదు. వాటిని మార్పిడి చేసుకోవలసిందే.

జోషి 2008 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించారు. చివరి ఏళ్లలో ఆయన శ్రమించినది వేదపాఠంలోని స్వర చిహ్నాలకు కంప్యూటరులో స్థానం కల్పించడానికి. ఆ చిహ్నాలకు యూనికోడ్‌లో ప్రత్యేక విభాగం 2009లో ఏర్పడింది.