పర్‌దాదా లండన్ వెళ్లారట.. నిజమో కాదో తెలుసుకోవడం ఎలా?

'మా పర్‌దాదా దొరగారి వెంట ఓడెక్కి లండన్ పోయారట.' మారేడ్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారం వైపు మీ ఖాందాన్‌లో ఇలాంటి మాట ఉందా? ఉంటే దాన్ని కాగితం మీద వెతికే దారి ఉంది.

ముందుగా మన దగ్గరి సంగతి. 1881 ఫిబ్రవరి 17న జరిగిన జనగణనలో నిజాం రాజ్యాన్నీ లెక్కించారు. కానీ ఇంటింటి కాగితాలు దాచలేదు, మొత్తం లెక్కలే అచ్చయ్యాయి. అందుకని అందులో దాదా పేరు దొరకదు.

ఇంగ్లాండ్‌లో అలా కాదు. 1841 నుంచి పేర్లున్న పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. 1841లో పెద్దవాళ్ల వయసును చాలావరకు ఐదుకు తగ్గించి రాశారు. విదేశాల్లో పుట్టినవాళ్లకు 'ఎఫ్' అనే ఒక్క అక్షరమే పెట్టారు. 1851 నుంచి పుట్టిన చోటు, ఇంటి యజమానితో సంబంధం కూడా రాశారు. మతం మాత్రం అడగలేదు.

పట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ సంగతి చూడండి. బ్రైటన్‌లో స్నానశాల నడిపి పేరు తెచ్చుకున్నారు. 1851 ఫిబ్రవరి 24న చనిపోయారు, జనగణన మార్చి 30న జరిగింది. కాబట్టి ఆ ఏటి పుస్తకంలో ఆయన ఉండరు. సమాధి రాయి మీద వయసు 101. చరిత్రకారులు చెప్పే పుట్టిన ఏడాది 1759, అంటే 91 దాటి ఉంటుందంతే! ఒక్క ఆధారాన్నే నమ్ముకోకూడదు.

ఆడవాళ్లను వెతకడం ఇంకా కష్టం. దొరల పిల్లలను చూసుకుంటూ వెళ్లిన మనవాళ్లను చాలాచోట్ల 'ఆయా' అని మాత్రమే రాశారు, లేదంటే దొర ఇంటిపేరు తగిలించారు. అసలు పేరే పోయింది. అలాంటప్పుడు దొర కుటుంబం పేరుతోనే వెతకాలి.

ఎలా మొదలుపెట్టాలి?

- దాదీ, నానీలను అడిగి షజ్రా రాసుకోండి. దొర పేరు, పల్టన్ పేరు గుర్తుంటే సగం పని అయినట్టే.
- ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఇంగ్లాండ్ 1881 జనగణన పేర్ల పట్టిక ఉచితం. అకౌంట్ తెరిస్తే చాలు.
- షేక్, మహమ్మద్ లాంటి పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారు. రకరకాల స్పెల్లింగ్‌లతో చూడండి.
- పుట్టిన చోటు 'సికింద్రాబాద్' అనే ఉండక్కర్లేదు. 'ఇండియా', 'ఈస్ట్ ఇండీస్', 'మద్రాస్' అని కూడా వెతకండి. ఇక్కడి కంటోన్మెంట్ మద్రాసు సైన్యం కింద ఉండేది.

పేరు కలిసింది కదా అని మనవాళ్లే అనుకోవద్దు. వయసు, పని, దొర ఇల్లు.. కనీసం రెండు కలవాలి. కాగితాలు ఎక్కడికీ పోవు, రేపైనా చూడొచ్చు. దొర పేరు తెలిసిన పెద్దవాళ్లను మాత్రం ఈ వారమే అడగండి.