డాక్టరు గారూ, మొత్తం ఎంతవుతుందండీ?

తణుకులో ఉండే మా మేనత్తకి రెండేళ్ల కిందట రొమ్ము కేన్సర్ అని తేలింది. అప్పుడు నేను సెకండియర్. ఇంట్లో ఇంగ్లీషు రిపోర్టులు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, హాస్పిటల్‌కి వెళ్లిన ప్రతిసారీ నన్నూ తీసుకెళ్లేవారు. డాక్టరు గారు గడ్డ సైజు చెప్పారు, స్టేజి చెప్పారు, జుట్టు రాలుతుందన్నారు, ఏం తినాలో ఏం తినకూడదో కూడా చెప్పారు. డబ్బు మాట మాత్రం ఆ గదిలో ఒక్కసారి కూడా రాలేదు. ఆ మాటంతా బయటే, క్యాష్ కౌంటర్ దగ్గర, క్యాంటీన్లో, తిరిగొచ్చే బస్సులో.

మావయ్య రైసు మిల్లులో గుమస్తా. రెండు కీమోలకే నలభై సెంట్ల కొబ్బరితోట అమ్మేశారు. మూడో కీమోకి ముందు నాతో, "జ్వరం వచ్చిందని ఫోన్ చేసి చెప్పరా, వచ్చే వారం వస్తామని" అన్నారు. అత్తకి జ్వరం లేదు. నేనే ఫోన్ చేశాను, ఆ అబద్ధం నా నోటితోనే చెప్పాను. ఆ వారం కాస్తా మూడు వారాలైంది.

చివరికి వెళ్లినప్పుడు డాక్టరు గారు ఆలస్యానికి కోప్పడుతుంటే అత్తే నోరు విప్పింది. "జ్వరం కాదండి, డబ్బుల్లేవండి." ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "రైస్ కార్డు ఉందామ్మా?" ఉంది. బీరువాలో, ప్లాస్టిక్ కవర్లో, భద్రంగా. మేం వెళ్తున్న హాస్పిటల్ ప్రభుత్వ పథకం జాబితాలో లేదు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆయనే ఉత్తరం రాసిచ్చి, జాబితాలో ఉన్న వేరే హాస్పిటల్‌కి పంపారు. మిగతా వైద్యం అక్కడ జరిగింది. తోట మాత్రం పోయింది.

ఎందుకిలా జరిగిందని తర్వాత చాలా ఆలోచించాను, కొంత చదివాను. తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఎవరూ ఎందుకు మాట్లాడరు?

మన వైపు కారణాలు మనకి తెలిసినవే. మొదటిది పరువు. "వాళ్లకి వైద్యం చేయించుకునే స్తోమత లేదట" అనిపించుకోవడం గోదావరి జిల్లాల్లో చిన్న విషయం కాదు. రెండోది భయం. డబ్బు లేదంటే తక్కువ రకం మందు రాస్తారేమోనని, సగంలో వదిలేస్తారేమోనని.

డాక్టర్ల వైపూ కారణాలున్నాయి. బయట యాభై మంది ఎదురు చూస్తుంటారు. ధర గురించి మాట్లాడితే బేరం ఆడుతున్నారనుకుంటారేమోనని మొహమాటం. పైగా పెద్ద హాస్పిటళ్లలో మందు రాసేది ఒకరు, బిల్లు వేసేది ఇంకొకరు. రాసే డాక్టరుకి ఆ రోజు కౌంటర్లో ఎంత కట్టారో తెలియకపోవచ్చు.

దీనికి అమెరికాలో కొందరు కేన్సర్ డాక్టర్లు 2013 ప్రాంతంలో ఒక పేరు వాడటం మొదలుపెట్టారు: 'ఫైనాన్షియల్ టాక్సిసిటీ'. కీమో వల్ల వాంతులు, నీరసం వచ్చినట్టే, ఖర్చు వల్ల కూడా రోగికి హాని జరుగుతుందని, దాన్నీ ఒక సైడ్ ఎఫెక్టుగా లెక్కపెట్టాలని వాళ్ల వాదన. షికాగో యూనివర్సిటీ వాళ్లు దాన్ని కొలవడానికి 11 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. మా అత్త విషయంలో ఆ హాని కళ్లారా చూశాను. కీమోకి మూడు వారాల ఎడం అని డాక్టర్లు పెట్టేది ఊరికే కాదు. ఆ ఎడం పెరిగితే, మందు మంచిదైనా దాని ప్రయోజనం తగ్గే ప్రమాదముంది.

బిల్లు ఎక్కడ పెరుగుతుంది?

"కీమో ఎంత?" అని అడిగితే కౌంటర్లో ఒక అంకె చెబుతారు. అది ఒక్క రోజు మందు ఖర్చు మాత్రమే. దానికి బయాప్సీ, స్కానింగులు, ప్రతి కీమోకి ముందు రక్త పరీక్షలు, తెల్ల కణాలు పడిపోతే వేసే ఇంజెక్షన్లు, ఆపరేషన్, రేడియేషన్ కలపాలి. వీటికి తోడు ప్రయాణం, తోడు వచ్చినవాళ్ల తిండి, మావయ్యకి పోయిన జీతం. ప్రాజెక్టుకి ఎస్టిమేషన్ వేసేటప్పుడు సిమెంటు ధర ఒక్కటే వేసి ఇల్లు పూర్తవుతుందనుకోం కదా, ఇదీ అంతే.

మందు దగ్గరే ఒక ఉదాహరణ చెబుతాను. అత్తది హెర్-2 పాజిటివ్ రకం. దానికి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ మూడు వారాలకొకసారి, మామూలుగా ఏడాది పాటు ఇస్తారు. మొదటి డోసు తర్వాత కిలో బరువుకి 6 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 360. సీసా 440. అంటే ప్రతిసారీ 80 మిల్లీగ్రాములు మిగులుతుంది. ఆ సీసాతో పాటు వచ్చే ప్రత్యేకమైన నీటితో కలిపితే ఫ్రిజ్‌లో 28 రోజుల వరకు నిలవ ఉంటుంది. కాబట్టి "మిగిలింది ఏం చేస్తారండీ?" అని అడగడంలో తప్పు లేదు. మనం ఇంట్లో దాచుకునేది కాదు, హాస్పిటల్ వాళ్లే పద్ధతిగా చేయాల్సిన పని.

ఇంకో సంగతి. ఈ మందుకే 2014లో బెంగళూరు బయోకాన్ కంపెనీ తక్కువ ధరకి బయోసిమిలర్ తెచ్చింది. బయోసిమిలర్ అంటే అసలు మందుతో పోల్చి పరీక్షించి, అదే పని చేస్తుందని తేలాక అనుమతి పొందిన మందు. తక్కువ ధర మందు అంటే తక్కువ రకం మందు అని మావయ్య గట్టి నమ్మకం. అది మాన్పించడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ధరలు తగ్గిన కథలో మనవాళ్లు

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన నడిపారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో రక్త కేన్సర్ పిల్లలకి వైద్యం చేసి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆధునిక కీమోథెరపీకి అదొక తొలి మెట్టు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ వాడుతున్నారు, అదీ చవగ్గా.

2012 మార్చిలో ఇంకోటి జరిగింది. కిడ్నీ, లివర్ కేన్సర్లకి వాడే సొరాఫెనిబ్‌ని బేయర్ కంపెనీ నెలకి 2,80,000 రూపాయలకి పైగా ధరకి అమ్మేది. మన పేటెంటు చట్టంలో కంపల్సరీ లైసెన్సు అనే వీలుంది. దాని కింద హైదరాబాద్ నాట్కో కంపెనీకి తయారు చేసుకోమని అనుమతి ఇచ్చారు. ధర నెలకి 8,900 రూపాయల లోపే. దేశంలో అలా ఇచ్చిన మొదటి లైసెన్సు అదే. 2019లో కేంద్ర ప్రభుత్వం 42 కేన్సర్ మందుల మీద వ్యాపారుల లాభం 30 శాతం దాటకూడదని హద్దు పెట్టింది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ధర దేవుడు రాసిన రాత కాదు. ఒకే మందుకి రెండు మూడు ధరలుంటాయి. అడిగినవాళ్లకే ఆ సంగతి తెలుస్తుంది.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారి, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. మొదట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల వరకు ఉండేది, 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలు చేశారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ ఇందులో ఉన్నాయి. జాబితాలో ఉన్న హాస్పిటల్ అయితే లోపలికి వెళ్లగానే ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, కొన్నిచోట్ల వైద్యమిత్ర అంటారు. మీ దగ్గర్లో ఏ హాస్పిటల్ ఉందో, మీ జబ్బుకి వర్తిస్తుందో లేదో 104కి ఫోన్ చేస్తే చెబుతారు. ఈ ఫోన్ చేయాల్సింది బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజే.

ప్రభుత్వ రంగంలో గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో కేన్సర్ సెంటర్ ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా హాస్పిటల్ ఉంది. రైల్లో వెళితే స్లీపర్, థర్డ్ ఏసీల్లో కేన్సర్ రోగికి టికెట్ ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. దానికి హాస్పిటల్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి.

సొంత డబ్బు పెట్టుకున్నవాళ్లు ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి అసలు బిల్లులు ఉండాలి. మా మావయ్య మొదటి రెండు కీమోల బిల్లులు పారేశారు. చూస్తే బాధేస్తోందని.

డాక్టరు గదిలో అడగాల్సినవి

ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మాటలు తడబడినా కాగితం తడబడదు.

1. ఈ వైద్యం జబ్బు నయం చేయడానికా, లేక అదుపులో ఉంచడానికా?
2. మొత్తం ఎన్ని కీమోలు? ఆపరేషన్, రేడియేషన్‌తో కలిపి మొదటి నుంచి చివరిదాకా సుమారు ఎంతవుతుంది?
3. మా కార్డు ఇక్కడ చెల్లుతుందా? చెల్లకపోతే ఎక్కడ చెల్లుతుంది?
4. ఈ మందుకి జెనరిక్ గానీ, బయోసిమిలర్ గానీ ఉందా?
5. ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా? మారకపోతే ఇప్పుడే చేయించాలా?
6. కొన్ని కీమోలు మా ఊరికి దగ్గర్లో తీసుకోవచ్చా?
7. మా దగ్గర ఇంతే ఉంది. దీంతో చేయగలిగిన మంచి వైద్యం ఏమిటి?

ఏడోది అడగడమే అన్నిటికంటే కష్టం. పేషెంటు నోటితో అనలేకపోతే పక్కన వెళ్లినవాళ్లు అనొచ్చు. చాలా ఇళ్లలో ఆ పక్కన వెళ్లేది ఇంజనీరింగు చదివే కుర్రాళ్లూ అమ్మాయిలే. రిపోర్టు చదివి పెట్టడం ఒక్కటే మన పని అనుకున్నాను నేను. ఆ రోజు జ్వరం అని ఫోన్ చేసే బదులు ఉన్న మాట చెప్పి ఉంటే, అత్తకి మూడు వారాలు మిగిలేవి.

అత్త ఇప్పుడు చెకప్‌లకి వెళ్తోంది, బాగానే ఉంది. ప్రతి బిల్లూ ఒక ఫైల్లో పెడుతోంది. ఆ ఫైల్లో మొదటి కాగితం రైస్ కార్డు జిరాక్సు.