చేపల వల ఈతదుస్తు అయిన కథ

1938 జనవరిలో బెర్లిన్‌లోని ఓ ప్రయోగశాలలో పాల్ ష్లాక్ అనే రసాయన శాస్త్రవేత్త కాప్రోలాక్టం అనే తెల్లటి పదార్థాన్ని గాజు గొట్టంలో మూసి వేడిచేశాడు. అందులోంచి దారంగా సాగే గట్టి పదార్థం వచ్చింది. అమెరికాలో డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కారోథర్స్ 1935లోనే నైలాన్ కనిపెట్టాడు. ఆ నైలాన్-6,6 తయారవ్వాలంటే రెండు రకాల అణువులు కలవాలి. ష్లాక్ తీసిన నైలాన్-6కు ఒక్క రకమే చాలు. ఉంగరంలా ముడుచుకుని ఉండే కాప్రోలాక్టం అణువు వేడికి తెరుచుకుంటుంది, పక్కదానితో చేయి కలుపుతుంది. అలా వందల అణువులు వరుసకట్టి పొడవాటి గొలుసు అవుతాయి. చేపల వలలు స్త్రీల స్విమ్‌సూట్లుగా మారుతున్నాయంటే దానికి మూలం ఈ చిన్న తేడాయే.

ఒలింపిక్స్‌లో స్త్రీలకు ఈత పోటీలు మొదలైంది 1912లో, స్టాక్‌హోమ్‌లో. ఆ కాలంలో ఈతదుస్తులంటే ఎక్కువగా ఉన్నితో అల్లినవే. తడిస్తే నీళ్లు పీల్చుకుని బరువెక్కి, ఒంటి మీంచి జారేవి. ఈదాలనుకున్న స్త్రీకి నీటికంటే ముందు బట్టే అడ్డొచ్చేది. నైలాన్ వచ్చాక ఆ బరువు తగ్గింది. తేలికగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. 1958లో డ్యూపాంట్‌లోనే జోసెఫ్ షివర్స్ స్పాండెక్స్ తయారుచేశాడు. లైక్రా పేరుతో మనకు తెలిసిన ఈ సాగే దారం నైలాన్‌తో కలిశాక ఈతదుస్తు ఒంటికి అతుక్కుని, ఎంత సాగినా మళ్లీ యథాస్థితికి రావడం మొదలుపెట్టింది.

అదే నైలాన్ మత్స్యకారుల చేతుల్లోకీ వెళ్లింది. అంతకుముందు పత్తి, జనపనార వలలు ఉప్పునీటికి కుళ్లిపోయేవి. వాటిని ఎండబెట్టుకోవాలి, బెరడు కషాయంలో నానబెట్టుకోవాలి. నైలాన్ వలకు ఆ బెడద లేదు. మన కోస్తా తీరం సహా ప్రపంచమంతా దాన్ని అందుకే ఆదరించింది. కానీ కుళ్లని గుణమే సముద్రానికి శాపమైంది. తెగిపోయిన వల, తుపానులో కొట్టుకుపోయిన వల నీటి అడుగున చేపల్నీ తాబేళ్లనీ పట్టి చంపుతూనే ఉంటుంది. పసిఫిక్ మహాసముద్రంలో తేలియాడే పెద్ద చెత్త ప్రాంతాన్ని పరిశీలించి 2018లో వెలువరించిన అధ్యయనం, అక్కడి ప్లాస్టిక్ బరువులో కనీసం 46 శాతం చేపల వలలేనని తేల్చింది.

ఇటలీలో గార్డా సరస్సుకు దగ్గరగా ఉన్న ఆర్కో పట్టణపు సంస్థ ఆక్వాఫిల్. తివాచీలకూ బట్టలకూ నైలాన్ దారం తీయడం దాని వృత్తి. జూలియో బొనాజ్జి నాయకత్వంలో ఆ సంస్థ 2011లో స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో పాత నైలాన్‌ను తిరిగి కాప్రోలాక్టంగా మార్చే కర్మాగారాన్ని నడపడం మొదలుపెట్టింది. అక్కడ తయారయ్యే నైలాన్ పేరు ఎకోనిల్.

అక్కడికి చేరిన వలలకు ముందు శుద్ధి జరగాలి. సీసపు గుండ్లు, తాళ్లు, నాచు, ఇతర ప్లాస్టిక్‌లు వేరుచేసి నైలాన్-6ను మాత్రమే ముందుకు పంపాలి. తర్వాత వేడి, ఆవిరి, ఉత్ప్రేరకం కలిసి ష్లాక్ చేసిన పనిని వెనక్కి తిప్పుతాయి. గొలుసు తెగుతుంది, కాప్రోలాక్టం ఉంగరాలు మళ్లీ విడివిడిగా బయటికి వస్తాయి. వాటిని స్వేదనం చేసి శుద్ధిచేస్తే రంగూ మురికీ వెనకే మిగిలిపోతాయి. ప్లాస్టిక్ సీసాల్ని మామూలుగా కరిగించి దారం తీసే పద్ధతిలో గొలుసులు కొంత దెబ్బతింటాయి, నాణ్యత తగ్గుతుంది. ఇక్కడ అలా కాదు. పాత గాజుల్ని కరిగించి కంసాలి చేసిన గొలుసులో బంగారం ఎంత మేలిమిదో, ఈ దారంలో నైలాన్ అంత మేలిమిది. ముడి చమురు నుంచి తీసిన దానికి ఇది ఏమాత్రం తీసిపోదు.

ఈ దారంతో ఇటలీలోనే కార్వికో అనే మిల్లు వీటా పేరుతో ఓ బట్ట అల్లింది. అందులో 78 శాతం ఎకోనిల్, 22 శాతం లైక్రా. చాలా దేశాల్లో స్త్రీల ఈతదుస్తులు కుట్టే చిన్న సంస్థలకు ఈ బట్టే ఆధారం. సముద్రపు అడుగున చిక్కుకున్న వలల్ని గజ ఈతగాళ్లతో తీయించడానికి 2013లో హెల్తీ సీస్ అనే సంస్థ ఏర్పడింది. దాని స్థాపకుల్లో ఆక్వాఫిల్ కూడా ఉంది.

అయితే లేబుల్ మీద వల బొమ్మ చూసి బట్టంతా సముద్రంలోంచే తీసిందనుకోకూడదు. పాత తివాచీల నూలు, కర్మాగారాల్లో మిగిలిన నైలాన్ తుక్కు, చేపల పెంపకందారులు పక్కన పెట్టిన వలలు కూడా ఇందులో ముడిసరుకే. అవన్నీ చెత్తకుప్పకు చేరాల్సినవే కాబట్టి మేలు మేలే. కానీ కొనేవాళ్లకు నిజం పూర్తిగా చెప్పాలి. ఉతికిన ప్రతిసారీ ఈ బట్ట నుంచీ సూక్ష్మ పోగులు నీళ్లలో కలుస్తాయి. పునరుద్ధరించిన నైలాన్ అయినంత మాత్రాన ఆ గుణం పోదు.

అసలు చిక్కు ఆ 22 శాతంలో ఉంది. స్పాండెక్స్ రసాయనికంగా వేరే జాతి. నైలాన్‌తో గట్టిగా అల్లుకుపోయాక రెండింటినీ విడదీయడం కష్టం, ఖర్చు. వల తేలిగ్గా స్విమ్‌సూట్ అవుతోంది గాని, పాత స్విమ్‌సూట్ అంత తేలిగ్గా మళ్లీ స్విమ్‌సూట్ కావడం లేదు. చక్రం అనుకున్నది ఇంకా సగం దారే. మిగతా సగం రసాయన శాస్త్రం ఒక్కటే పూర్తిచేయలేదు. కుట్టే ముందే విప్పడం గురించి ఆలోచించే డిజైనర్లు, పాతవి వెనక్కి తీసుకునే దుకాణాలు కావాలి.

కొనేవారి వంతు కూడా ఉంది. ఎంత శాతం పునరుద్ధరించినదో, పాతబడ్డాక తిరిగి తీసుకుంటారో లేదో అడగాలి. కొలనులోని క్లోరిన్ స్పాండెక్స్‌ను తినేస్తుంది. అందుకే ఈత కాగానే మంచినీళ్లలో జాడించి నీడన ఆరేసుకోవాలి. ఒక్క సూట్ రెండింతల కాలం నిలిస్తే రెండోది కొనాల్సిన అవసరమే రాదు. ఏ కర్మాగారమూ దానికి మించిన పొదుపు చేయలేదు.