గుద్దేది ఒకరు, కట్టేది మనం

కారు కొనడానికి నాలుగు షోరూములు తిరిగే మనం, ఇన్సూరెన్స్ కాగితాల మీద మాత్రం ప్రీమియం ఎంతో చూసి సంతకం పెట్టేస్తాం. నేనూ అంతే. కాలిఫోర్నియాలో ఒక సాయంత్రం రెడ్ లైట్ దగ్గర ఆగి ఉన్న మా కారుని వెనక నుంచి ఒకతను గుద్దాడు. వెనక సీట్లో, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ. తప్పు అతనిదే, కానీ అతనికి ఇన్సూరెన్స్ లేదు.

ఇలాంటివాళ్ళు అరుదేం కాదు. ఇన్సూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ అంచనా ప్రకారం 2019లో అమెరికా డ్రైవర్లలో 12.6 శాతం, అంటే సుమారు ఎనిమిది మందిలో ఒకరు, ఇన్సూరెన్స్ లేకుండా నడిపారు. న్యూజెర్సీలో 3.1 శాతం, మిసిసిపీలో 29.4.

కోర్టుకెక్కి గెలిచినా, ఏమీ లేనివాడి దగ్గర ఏం రాబడతాం? అందుకే 'అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్' కవరేజీ ఉంది. అవతలివాడు ఇవ్వాల్సిన వైద్యఖర్చుల్ని, పోయిన జీతాన్ని పాలసీ పరిమితి మేరకు మన కంపెనీయే ఇస్తుంది. మన కారులో కూర్చున్నవాళ్ళకీ సాధారణంగా అది వర్తిస్తుంది. దాని ఖరీదు మాత్రం మన ప్రీమియంలోనే.

కాలిఫోర్నియాలో ఆ కవరేజీ వద్దనుకుంటే రాతపూర్వకంగా చెప్పాలి. కొద్ది డాలర్లు మిగులుతాయని నేను అలాగే సంతకం పెట్టాను. అమ్మ ఆసుపత్రి బిల్లులు నెలనెలా కట్టుకున్నాను.

అవతలివాడికి ఇన్సూరెన్స్ ఉన్నా చాలకపోవచ్చు. అక్కడ గాయాలకు మనిషికి 15,000 డాలర్లుగా ఉన్న కనీస మొత్తం 30,000 అయింది 2025లోనే.

అమ్మానాన్నలకు టిక్కెట్లు కొనే ముందు, మీ పాలసీలో ఆ ఒక్క లైను చూసుకోండి.